ముచ్చెను వెంబడించి చదవడం: పాదబంధనం, ప్రాచీన చైనా కథల్లోని స్త్రీలు

విశాఖపట్నంలో మేము పది పన్నెండుమందిమి నెలకొక ఆదివారం సాయంత్రం ఎం.వి.పి. కాలనీలోని ఒక ఇంటి మేడ మీద కలుసుకుని, చైనా ప్రాచీన కథాసాహిత్యాన్ని ఇంగ్లీషు అనువాదాల్లో చదివి తెలుగులో చర్చించుకుంటున్నాము. మొదటి ఏడాది మా చర్చలన్నీ ఒకేచోట ఆగిపోయేవి. కథలో ఎక్కడో ఒకచోట నాయిక చిన్న పాదాల ప్రసక్తి రాగానే సగంమంది ఆ దురాచారం మీది ఆగ్రహంతో కథను పక్కన పెట్టేవారు; మిగిలినవారు అది ఆ కాలపు ఆచారమేనంటూ పేజీ తిప్పేవారు. రెండు విధాలా కనుమరుగైపోయేది ఆ స్త్రీ పాత్రే. మరో రెండేళ్ళు తడుముకుంటూ చదివిన మీదట మాకొక పద్ధతి కుదిరింది: ఆ స్త్రీల ముచ్చెలను, అంటే పాదరక్షలను, వెంబడించి చదవడం. ఈ సాహిత్యంలోకి కొత్తగా అడుగుపెట్టే తెలుగు పాఠకులకు అది ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఇక్కడ వివరిస్తున్నాను.

చదవడానికి ముందు ఆ ఆచారం గురించి కొంచెమే తెలిసినా కచ్చితంగా తెలియాలి. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ వయసులో ఆడపిల్ల కాలి బొటనవేలిని వదిలి, మిగిలిన నాలుగు వేళ్ళనూ అరికాలి కిందికి మడిచి, పొడవాటి గుడ్డపట్టీతో చుట్టి బిగించేవారు. ఆ బిగువును నెలల తరబడి పెంచుతూ పోతే పాదం నడిమిభాగం విల్లులా వంగి, మడమ, ముందరి భాగం ఒకదానికొకటి దగ్గరపడేవి. ఆ పట్టీ చుట్టేది ఎక్కువగా కన్నతల్లి, లేకుంటే ఇంట్లోని పెద్దామె. గొప్పగా చెప్పుకున్న కొలత మూడు త్సున్‌లు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు. మన లెక్కలో బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. ఆ పాదానికే 'బంగారు తామర' అని పేరు. ఇది ధనవంతుల ఇళ్ళకే పరిమితమైన ఆచారం అనుకోవడం పొరపాటు. పల్లెటూళ్ళలో నూలు వడికి, బట్ట నేసి కుటుంబాన్ని పోషించిన స్త్రీలు కూడా కట్టిన పాదాలతోనే ఆ పని చేశారు. ఈశాన్యం నుంచి వచ్చి చైనాను ఏలిన మంచూ జాతి స్త్రీలు, దక్షిణాదిన ఉండే హక్కా స్త్రీలు మాత్రం పాదాలు కట్టుకోలేదు. మంచూ పాలకులు 17వ శతాబ్దంలో ఈ ఆచారాన్ని నిషేధించి, అమలు చేయలేక 1668లో ఆ ఉత్తర్వును ఉపసంహరించుకున్నారు. 1902లో రాజమాత సీషీ పాదబంధనం మానుకోమని ఆజ్ఞాపత్రం వెలువరించగా, 1912లో కొత్తగా ఏర్పడిన గణతంత్ర ప్రభుత్వం దానిని నిషేధించింది. ఆ తరవాత కూడా కొన్ని ప్రాంతాలలో అది కొన్ని దశాబ్దాలు కొనసాగింది.

తరవాతి పని కష్టమైనది: మన పాదాలను కాసేపు పక్కన పెట్టాలి. తెలుగువాడికి 'పాదం', 'తామర' అన్న రెండు మాటలు పక్కపక్కన కనబడితే పాదపద్మాలు, చరణకమలాలు వెంటనే మనసులో మెదులుతాయి. మనకు పాదం మొక్కదగినది, పళ్ళెంలో పెట్టి కడగదగినది, పారాణి దిద్దదగినది. ఊరికి ఉత్తరాన తొట్లకొండ మీద తవ్వకాలలో దొరికినవాటిలో కూడా బుద్ధపాదాలు ఉన్నాయి. మన సాహిత్యంలో పాదం బాహాటంగా కనిపిస్తుంది. మట్టెలు, అందెలు దానిని ఇంకా కనిపించేటట్టు చేస్తాయి. చైనా కథలో పాదం కనిపించదు. అది పట్టీలో, పట్టీ ముచ్చెలో, ముచ్చె లంగా అంచు కింద దాగి ఉంటుంది. కట్టు విప్పిన పాదాన్ని భర్తకు సైతం చూపడం మర్యాద కాదనుకున్న సమాజం అది.

అందువల్ల అనువాదంలో ఇంగ్లీషు మాట ఏదైనా, చర్చలో మేము దానిని 'చెప్పు' అనము. చెప్పు మనకు గుమ్మం బయట విడిచేది, తిట్టులో వినబడేది. ఆ మాట వాడిన మరుక్షణం ఇంట్లో, మంచం మీద, తలగడ పక్కన ఉండే ఆ పట్టుగుడ్డ పాదరక్ష రూపమే చెడిపోతుంది. 'ముచ్చె' అన్న పాత తెలుగు మాట దీనికి చక్కగా సరిపోయింది. ముచ్చెను ఎవరు కుట్టారు, ఎవరు తొడుక్కున్నారు, అది ఎవరి చేతికి చిక్కింది, చివరికి ఏమయింది అని అడుగుతూ పోవడమే మా పద్ధతిలోని ప్రధానాంశం. పాదం గురించి మాట్లాడేటప్పుడు ఈ రచయితలలో చాలామంది తమ కాలపు మగవాళ్ళలాగే మాట్లాడతారు. కథ ముచ్చె దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆడవాళ్ళ చేతులు, వాళ్ళ పనితనం, అసూయ, స్నేహం, భయం అన్నీ కథలోకి ప్రవేశిస్తాయి.

దానికంటే ముందు ప్రతి పుస్తకానికీ నోటుపుస్తకంలో రెండు కాలాలు రాసుకోవాలి: కథ జరిగే కాలం ఒకటి, కథ రాసిన కాలం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరమే చాలా చిక్కుముళ్ళను విప్పుతుంది. పాదబంధనానికి మూలంగా సంప్రదాయం చెప్పే కథ 10వ శతాబ్దపు దక్షిణ థాంగ్ రాజు లీ యూ ఆస్థానంలోనిది. యావ్ నియాంగ్ అనే నర్తకి పాదాలకు పట్టు చుట్టుకుని బంగారు తామర వేదిక మీద ఆడిందని చెబుతారు. మా బృందంలో కూచిపూడి నేర్పే ఒకావిడ ఈ కథ వినగానే, "మేష్టారూ, తరంగంలో పళ్ళెం అంచును పట్టి నడిపించేవి కాలివేళ్ళే. వేళ్ళు మడిచి కట్టేసిన మనిషి అలా ఆడలేదు" అన్నారు. ఆమె అన్నది నిజమే; తొలినాటి కట్టు పాదాన్ని సన్నగా చేసిందే తప్ప విల్లులా వంచలేదు. ఫూజౌ నగరంలో 1243లో చనిపోయిన హ్వాంగ్ షెంగ్ అనే యువతి సమాధిలో దొరికిన ముచ్చెలు 13, 14 సెంటీమీటర్ల పొడవున్నాయి. మూడు త్సున్‌ల ఆదర్శం స్థిరపడింది ఆ తరవాతి శతాబ్దాలలోనే.

ఈ లెక్క దగ్గర ఉంచుకుంటే, థాంగ్ యుగంలో (618–907) జరిగే కథలో కట్టిన పాదం కనబడినప్పుడు అది రచయిత తన కాలం నుంచి తెచ్చిపెట్టినదని వెంటనే తెలిసిపోతుంది. సుమారు 1300 ప్రాంతంలో వాంగ్ షీఫు రాసిన నాటకాన్ని మేము 'పడమటింటి కథ' అని పిలుచుకుంటాము. అందులో నాయిక యింగ్‌యింగ్ థాంగ్ యుగపు యువతి. అయినా నాయకుడు ఆమె బుటా ముచ్చెను అరజానెడని వర్ణిస్తాడు. అచ్చంగా మన జాన కొలతే అది. అదే నాటకం మొదట్లో అతడు దారి మీది మెత్తని ధూళిలో ఆమె అడుగుజాడ చూసి, కనుకొలకుల చూపు మాట అలా ఉంచితే ఈ అడుగుజాడే ఆమె మనసు చెబుతున్నదని మురిసిపోతాడు. యింగ్‌యింగ్ తానింకా ఏమీ చెప్పకముందే ఆమె అడుగును అతడు చదివేస్తున్నాడు. ఆ చదువు ఎంతవరకు సరైనదన్న ప్రశ్న వేసుకుని ముందుకు సాగితే నాటకమంతా కొత్తగా కనబడుతుంది.

మూలాన్ విషయం ఇంకా విశేషం. ఉత్తర రాజవంశాల కాలపు (386–581) గేయంలో తండ్రికి బదులుగా యుద్ధానికి వెళ్ళిన ఆ యువతికి పాదబంధనం లేదు. అప్పటికి ఆ ఆచారమే పుట్టలేదు. 16వ శతాబ్దంలో షూ వెయ్ ఆమె మీద నాటకం రాసినప్పుడు, తన కాలపు ప్రేక్షకులకు కట్టని పాదాల నాయికను చూపలేకపోయాడు. అందుకని మూలాన్ యుద్ధానికి బయలుదేరే ముందు పట్టీలు విప్పుతుంది. తిరిగివచ్చాక పాదాలను మళ్ళీ చిన్నవి చేసే మందు తమ ఇంట్లో ఉన్నదని కూడా చెబుతుంది. అటువంటి మందు లోకంలో లేదు. ఒక రచయిత తన నాయికకు స్వేచ్ఛను, పెళ్ళియోగాన్ని రెండింటినీ ఇవ్వడానికి పడిన ఇబ్బంది ఆ లేని మందులో కనిపిస్తుంది. ఇటువంటి అతుకు కనిపించినచోట పెన్సిలుతో గీత పెట్టుకోవాలి.

అనువాదాల విషయంలో ఒక హెచ్చరిక. పద్యాలలో 'తామర అడుగులు' అన్న మాట వస్తే అది సుందరి నడకకు వాడే కవిసమయం కావచ్చు. ఐదో శతాబ్దం చివర ఒక రాజు తన ప్రియురాలు పాన్‌ను నేల మీద పరిచిన బంగారు తామరల మీద నడిపించి, అడుగడుగునా తామర పూస్తున్నదని మెచ్చుకున్నాడట. అడుగు కింద తామరలు మొలిచిన పద్మావతి అనే బౌద్ధగాథలోని స్త్రీ ఈ ఊహ వెనుక ఉన్నదని పండితులు చెబుతారు. కాబట్టి తామర అన్న మాట కనబడిన ప్రతిచోటా కట్టు ఉన్నదని అనుకోకూడదు. 'విల్లు ముచ్చె' అన్నా, 'మూడు త్సున్‌లు' అన్నా మాత్రం సందేహం అక్కరలేదు. సంక్షిప్త ప్రతులు కొనకండి. మనకు కావలసిన చిన్న సన్నివేశాలే వాటిలో ముందుగా ఎగిరిపోతాయి.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష 'చిన్ పింగ్ మెయ్' అనే నవల. 16వ శతాబ్దం చివర రాతప్రతులుగా తిరిగి, 17వ శతాబ్దం తొలి దశాబ్దాలలో అచ్చయిన ఈ నూరధ్యాయాల గ్రంథం పేరులోని మూడు మాటలూ ముగ్గురు స్త్రీల పేర్ల నుంచి వచ్చినవే. వారిలో మొదటి ఆమె పాన్ జిన్‌లియన్. జిన్‌లియన్ అంటేనే బంగారు తామర. ఆమె పాదాల వల్లనే ఆమెకు ఆ పేరు వచ్చింది. షీమెన్ చింగ్ అనే ధనిక వర్తకుడి ఇంట్లో ఆమె ఐదో భార్య. ఏడో అధ్యాయంలో పెళ్ళిళ్ళ పేరమ్మ మెంగ్ యూలౌ అనే వితంతువును అతనికి చూపిస్తూ ఆమె లంగా అంచు పైకెత్తి పాదాలు చూపుతుంది. ఇటువంటి ఘట్టాలను చదివి పాఠకుడు బాధపడడం సహజం. అక్కడ ఆగకుండా 23వ అధ్యాయం నుంచి 29వ అధ్యాయం వరకు ముచ్చెలను మాత్రమే అనుసరిస్తూ ఒకసారి విడిగా చదవమని నా విన్నపం.

ఆ ఇంటి నౌకరు భార్య సొంగ్ హ్వేలియన్‌కు షీమెన్ చింగ్‌తో సంబంధం ఉంది. ఆమె అసలు పేరు కూడా జిన్‌లియనే. యజమానురాలి పేరు నౌకరు భార్యకు ఉండకూడదని మార్చారు. ఆమె పాదాలు జిన్‌లియన్ పాదాల కన్నా చిన్నవి. దీపాల పండుగ రాత్రి ఆమె జిన్‌లియన్ ముచ్చెలు అడిగి తీసుకుని, తన ముచ్చెల మీదనే వాటిని తొడుక్కుని వీధిలో నడుస్తుంది. ఒక్క మాటైనా పలకకుండా, తన పాదం నీ పాదం కన్నా చిన్నదని పదిమందిలో చాటిన పని అది. పేరు కోల్పోయిన స్త్రీ ఆ విధంగా పేరును తిరిగి అడిగింది. 26వ అధ్యాయంలో ఆమె ఉరిపోసుకుని చనిపోతుంది. 28వ అధ్యాయంలో జిన్‌లియన్ ముచ్చె ఒకటి పోతుంది. వెతకబోయిన దాసి, షీమెన్ చింగ్ కాగితాలు దాచుకునే పెట్టెలోంచి ఒక ఎర్రముచ్చె తెస్తుంది. అచ్చం అలాగే ఉంటుంది. తేడా అంతా కుట్టిన దారం రంగులోనే. కాలికి తొడిగి చూస్తే బిగువు. అది చనిపోయిన హ్వేలియన్ ముచ్చె. జిన్‌లియన్ కత్తి తెమ్మని, దానిని ముక్కలు చేసి మరుగుదొడ్డిలో పడేస్తానంటుంది. చచ్చిన మనిషి మీద అంత కసి ఎందుకని మా చర్చలో చాలామంది అడిగారు. తన విలువ ఆ కొలతలోనే ఉన్నదని ఆ ఇల్లు జిన్‌లియన్‌కు నేర్పింది. ఆ కొలతలో తనను మించినది పెట్టెలో భద్రంగా ఉంటే ఆమెకు నిలువనీడ లేదు. ఆమె క్రూరత్వాన్ని నేను సమర్థించను. కాని దారం రంగు దగ్గర ఆగి చదివినప్పుడే ఆ క్రూరత్వం వెనుక ఉన్న భయం నాకు అర్థమయింది.

మరుసటి అధ్యాయంలోనే జిన్‌లియన్, లీ పింగ్‌అర్, మెంగ్ యూలౌ ముగ్గురూ కలిసి కూర్చుని ముచ్చెలు కుట్టుకుంటారు. ఏ అడుగుకు ఏ గుడ్డ బాగుంటుంది, ఏ రంగు మీద ఏ పువ్వు నప్పుతుంది అని మాట్లాడుకుంటారు. ఒకే భర్తకు భార్యలైన ముగ్గురు ఒకరి పనితనాన్ని ఒకరు గుర్తించే అరుదైన ఘడియ అది. తొందరపడి దాటిపోకూడదు.

భూతాలు, నక్క స్త్రీల కథలు రాసిన పూ సోంగ్‌లింగ్ (1640–1715) 'లియెన్‌షియాంగ్' కథలో ముచ్చెను ఇంకో విధంగా వాడుకున్నాడు. లీ అనే ప్రేతకన్య తాను ప్రేమించిన యువకుడికి తన ముచ్చె ఒకటి ఇస్తుంది. దానిని చేతిలోకి తీసుకుని తలచుకుంటే ఆమె వచ్చేస్తుంది. తరవాత ఆమె మరొక ఇంట చనిపోయిన అమ్మాయి శరీరంలో ప్రవేశించి ప్రాణం పోసుకుంటుంది. తాను తానేనని రుజువు చేయడానికి ఆ ముచ్చె తెప్పించి తొడుక్కోబోతే అది చిన్నదవుతుంది. అద్దం తెప్పించి చూసుకుని అప్పుడు తెలుసుకుంటుంది, ఈ శరీరం తనది కాదని. తన ముచ్చె తనకే పట్టకపోవడం కన్నా పెద్ద పరాయితనం ఏమున్నది? తొమ్మిదో శతాబ్దంలో త్వాన్ చెంగ్‌షి రాసిపెట్టిన యె షియెన్ కథలో బంగారు ముచ్చె దాని సొంతదారు కాలికి మాత్రమే పడుతుంది. ఈ రెండు కథలను ఒకే రోజు చదివితే చర్చకు ఆ సాయంత్రం చాలదు.

ఇక ఆగ్రహం గురించి. ఆగ్రహం న్యాయమైనదే, దానిని అణచుకోమని నేను చెప్పను. ఆగ్రహానికి చోటిచ్చిన రచయితలు చైనాలోనే ఉన్నారు కనుక దానిని వారి వైపు నుంచి తెచ్చుకోవడం మేలని మాత్రం అంటాను. సోంగ్ యుగంలోనే (960–1279) ఛె రువోష్వెయ్ అనే పండితుడు, ఏ తప్పూ చేయని నాలుగైదేళ్ళ పసిపిల్లలకు అంతులేని బాధ ఎందుకని ప్రశ్నించాడు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో లీ రూజెన్ రాసిన నవలను మేము 'అద్దంలో పూలు' అంటాము. అందులో ఒక పాత్ర, ముక్కు పెద్దదని చెక్కితే వికలాంగులను చేశారంటారే, పాదాలు చెడగొట్టి నడవలేకుండా చేస్తే అందమెలా అయిందని నిలదీస్తుంది. తరవాత వర్తకుడు లిన్ జీయాంగ్, ఆడవాళ్ళు మగవాళ్ళలా, మగవాళ్ళు ఆడవాళ్ళలా బతికే స్త్రీల రాజ్యంలో చిక్కుకుని, ఆ రాజ్యాన్నేలే స్త్రీకి ఉంపుడుకత్తెగా ఎంపికవుతాడు. నల్లగడ్డం ఉన్న దాసి అతని వేళ్ళ మధ్య పటిక పొడి చల్లి, పాదాన్ని విల్లులా వంచి తెల్లని పట్టుతో బిగించి కుట్టేస్తుంది. విప్పుకుంటే బెత్తం దెబ్బలు. నొప్పిని నేరుగా ఇంత వివరంగా రాసిన ఘట్టం నాకు ఈ సాహిత్యంలో మరొకటి ఎదురుకాలేదు. ఆ నొప్పిని చెప్పడానికి రచయితకు మగవాడి శరీరం కావలసి వచ్చింది. ఆడపిల్లల ఏడుపు ఆ పాఠకలోకానికి అలవాటైపోయింది. ఈ నవల కథాకాలం మహారాణి వూ జెతియెన్ పాలన, అంటే పాదబంధనం పుట్టకముందు కాలం. రెండు కాలాల నోటుపుస్తకం ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది.

ఆడవారే స్వయంగా చెప్పిన మాట కూడా ఒకటుంది. 18వ శతాబ్దపు కవి యువాన్ మెయ్ తన కవిత్వచర్చలో సూజౌకు చెందిన ఒక యువతి పద్యాన్ని భద్రపరిచాడు. పెద్ద పాదాల పిల్ల అని ఆమెను వెక్కిరించి విల్లు ముచ్చె మీద పద్యం చెప్పమంటే, మూడు త్సున్‌ల ముచ్చె పూర్వం లేదు, గ్వాన్‌యిన్ దేవి పాదాలు నగ్నంగానే ఉన్నాయి, ఈ కట్టు ఎక్కడ మొదలయిందో తెలియదు గాని నీచులైన మగవాళ్ళ వల్లనే మొదలయి ఉంటుందని ఆమె బదులిచ్చింది. మన కన్యాశుల్కం నాటకం ఒక దురాచారాన్ని ఎత్తిచూపడానికే పుట్టినా, మధురవాణి మాట నేర్పు వినకపోతే ఆ నాటకాన్ని చదవనట్టే కదా. సూజౌ యువతి పద్యాన్ని కూడా అలాగే, ఆమె గొంతు వినబడేటట్టు పైకి చదవాలి.

చర్చ నడిపేవారికి ఒక సూచన. కట్టు విప్పిన పాదాల ఛాయాచిత్రాలతో సమావేశం మొదలుపెట్టకండి. మేము ఒకసారి ఆ పొరపాటు చేశాము. ఆ సాయంత్రమంతా ఎవరూ పుస్తకం తెరవలేకపోయారు. జీవితమంతా దాచుకున్నదానిని ఆ స్త్రీల చేత కెమెరా ముందు విప్పించి తీసిన బొమ్మలు వాటిలో అనేకం ఉన్నాయి. నవలాస్త్రీలను అర్థం చేసుకోవడానికి ఆ చూపు ఉపకరించదు. దానికి బదులుగా పది సెంటీమీటర్ల కాగితం ముక్క కత్తిరించి బల్ల మీద పెట్టండి.

చదివే వరుసలో మొదట యె షియెన్, లియెన్‌షియాంగ్ కథలు, తరవాత 'పడమటింటి కథ', మూలాన్ నాటకం, ఆపైన 'చిన్ పింగ్ మెయ్' లోని ఏడు అధ్యాయాలు, పిమ్మట 'అద్దంలో పూలు' ఉంచుకోండి. త్సావ్ షుయెచిన్ రాసిన 'ఎర్రమేడ కల' చివరికి రావాలి. 1791లో అచ్చయిన ఆ నవలలో పాదాల ప్రసక్తి దాదాపు లేదు. మంచూ సైనిక శాఖలలో చేరిన చైనీయుల కుటుంబంలో పుట్టిన రచయిత తన స్త్రీలు మంచూలో చైనీయులో తేల్చకుండా వదిలేశాడు. ఇంటికి కొత్తగా వచ్చిన యూ ఎర్‌జియె అనే స్త్రీని పరిశీలించే ముసలావిడ ముందు దాసి ఆమె లంగా అంచు ఎత్తుతుంది. ఏమి కనిపించిందో వాక్యం చెప్పదు. మోటుపనులు చకచకా చేసే ఒక దాసీపిల్లకు మాత్రం రెండు పెద్ద పాదాలున్నాయని స్పష్టంగా రాశాడు. ఛింగ్‌వెన్ అనే మరో దాసికి రాత్రి తొడుక్కునే ఎర్రముచ్చెలిచ్చాడు. నాయిక లిన్ దాయ్‌యూ పాదాల గురించి ఒక్క మాట లేదు. 49వ అధ్యాయంలో మంచు కురిసిన రోజున ఆమె బంగారు అంచు ఉన్న ఎర్రని గొర్రెతోలు బూట్లు తొడుక్కుని బయటికి వస్తుంది. మిగిలిన పుస్తకాలన్నీ ముచ్చెను వెంబడించి చదివి వచ్చిన పాఠకుడు ఆ వాక్యం దగ్గర తప్పక ఆగుతాడు. ఆ బూట్ల లోపల ఏమున్నదో రచయిత ఎందుకు చెప్పలేదన్నదే మా వచ్చే ఆదివారం చర్చ.